కనపడని మందకు ఉప్పు

తొరెహట్టి అనే కొండ ఊళ్లో కరియబెట్టన్ నోరు మంచిదని ఎవరూ అనరు. ఎదుటివాణ్ణి ఒక మాట అని ఏడిపించకపోతే ఆయనకు పొద్దు గడవదు. కానీ ఆయన మాటంటే మాటే అని మాత్రం హట్టి మొత్తం ఒప్పుకునేది. దానికో కారణం ఉంది. ఎవరింట్లో చావు జరిగినా మంచం పక్కన నిలబడి పోయినవాళ్ల పాపాలు చదివేది ఆయనే. తండ్రి దగ్గర నేర్చుకున్న విద్య అది. ఒక్కో పాపం పేరు ఆయన ఎత్తుతాడు, చుట్టూ నిలబడ్డ జనం "పాపం!" అంటారు, ఆయన చెయ్యి దూడ వీపు మీద పడుతుంది. బల్లిని చంపడం, గట్టు జరపడం, పక్కవాడి పైరు చూసి కళ్లలో నిప్పులు పోసుకోవడం, ఇలా పదమూడు వందల పాపాలు దూడకెక్కి బసవన్న పాదాల దగ్గరికి పోవాలి. పోయినవాడు అవి చేశాడా లేదా అని ఎవరూ అడగరు. మనిషై పుట్టాక చేయకుండా ఉంటాడా? అందరి మీదా అన్నీ చదువుతారు.

ఆయన రెండో విద్య మాత్రం హట్టిలో ఇంకెవరికీ రాదు. ఊటీ అవతల జీవాణు ఎరువులు చేసే చోట సీసాలు కడిగే పనికి చేరి, ఇరవై ఆరేళ్ల తర్వాత ఆ సీసాల్లో ఉన్నదాన్ని పెంచగలిగే చెయ్యి అనిపించుకుని బయటికొచ్చాడు. వచ్చీ రాగానే ఇంటి వెనక రేకుల షెడ్డు వేశాడు. పెద్ద కుక్కరు, గాజు సీసాలు, దూది, మెత్తగా దంచిన నల్ల బొగ్గుమట్టి, ఇంతే సరంజామా. గాలిలో సారం పట్టి వేరుకు తినిపించే జీవాణువు ఒకటి, మట్టిలో బిగుసుకుపోయిన భాస్వరాన్ని కరిగించి ఇచ్చేది ఇంకొకటి. రెండింటినీ సీసాల్లో పెంచి, నల్లమట్టికి పట్టించి, పావుకిలో పొట్లాలు కట్టేవాడు. ఆయన భార్య కెంగి ఆ షెడ్డు ముఖం చూస్తే మండిపడేది. "ఇరవై ఆరేళ్లు ఆ కంపు మోసుకొచ్చి నా వంటింట్లో కలిపినావు. ఇప్పుడు ఆ కంపుకే గుడి కట్టినావు!"

హట్టి మట్టి సంగతి చెప్పుకుంటే కడుపు తరుక్కుపోతుంది. యాభై ఏళ్లుగా రసాయన ఎరువు బస్తాల మీద బస్తాలు పోసి పోసి ఆ నేలను గుల్ల చేసుకున్నారు. పారతో పెళ్లగిస్తే వానపాము కనబడదు. క్యారెట్ నిటారుగా దిగక కాళ్లు చీలి, వంకర తిరిగి వచ్చేది. క్యాబేజీ వేళ్లకు ముడులు పడి మిట్టమధ్యాహ్నానికి మొక్క తల వాల్చేసేది. నిరుడు ఒక బస్తా పోసినచోట ఈ ఏడు ఒకటిన్నర పోస్తే గానీ అదే పంట రాదు. ఎవరికి వారికి తెలుసు, నేల చచ్చిపోతోందని. తెలిసీ ఏం చేస్తారు?

కరియబెట్టన్ పొట్లం చూపిస్తే మొదట అందరూ నవ్వారు. "ఇందులో ఏముందన్నా? బొగ్గు తప్ప ఏం కనబడదే!" అన్నాడొకడు. "నీ తలకాయలో మెదడుందని చెప్తారు, నాకు కనబడిందా? నమ్మడంలే?" అన్నాడాయన. నవ్వులు మాత్రం వచ్చాయి గానీ పొట్లాలు కదల్లేదు. అప్పుడు ఆయనకో పోలిక తట్టింది. ఒకప్పుడు తొరెహట్టి అంటే ఎనుముల మందలు. కొండవాలంతా నల్లగా కదిలేదట. మేత బీళ్లన్నీ తేయాకు, క్యారెట్ మింగేశాక మిగిలినవి నాలుగంటే నాలుగు ఎనుములు. ఆ బాధ ముసలివాళ్ల గుండెల్లో ఇంకా పచ్చిగానే ఉంది. ఆయన అక్కడ పట్టుకున్నాడు.

"ఇవి పసులబ్బా! కంటికి కనపడని పసులు. ఎండలో కట్టేస్తే చస్తాయి. కడుపు మాడిస్తే చస్తాయి. పురుగుమందు పోస్తే చస్తాయి. నీడ పట్టున మాగిన పెంట వేసి, తడి ఇచ్చి, వారం దినాలు మేపి చేలో వదలండి. మంద మందే మీకు పని చేసి పెడుతుంది."

అది ఎక్కింది. అందరికంటే ముందు పక్కింటి భోజన్‌కు ఎక్కింది. భోజన్ ఆయనకంటే ఆరేళ్లు చిన్న, అన్నా అన్నా అని వెనకే తిరిగే మనిషి. చెప్పిన పని చెప్పినట్టు, అక్షరం పొల్లు పోకుండా చేస్తాడు. అంత మెతక మనిషిని చూస్తే కరియబెట్టన్ నాలుక ఊరుకుంటుందా? "నిన్ను బావిలో దూకమంటే ఎంత లోతులో దూకాలన్నా అని అడుగుతావురా" అనేవాడు. భోజన్ నవ్వి ఊరుకునేవాడు.

భోజన్ ఒకే మడిని గట్టు వేసి రెండు చేశాడు. ఒకే విత్తనం, ఒకే నీళ్లు. గట్టుకు ఈ పక్క పొట్లం కలిపిన పెంట, సగం బస్తాలు. ఆ పక్క మామూలుగా నిండు బస్తాలు. తవ్విన రోజు హట్టి సగం అక్కడే ఉంది. ఆ పక్క నాలుగు మూటలు తేలితే ఈ పక్క ఐదు తేలాయి. క్యారెట్లు నున్నగా, నిటారుగా, భుజాలు ఎర్రగా ఉన్నాయి. భోజన్ భార్య, పేరు మాది, ఒకటి విరిచి నోట్లో వేసుకుని, "మా అవ్వ చేతి క్యారెట్ ఇట్లనే ఉండేది" అని ఏడ్చేసింది. మరుసటి పంటకు పన్నెండిళ్లు పొట్లాలు తీసుకున్నాయి. క్యాబేజీ వేరు తెల్లగా దిగింది. ముడులు సగానికి సగం తగ్గాయి. మూడో పంటకు హట్టి హట్టి మొత్తం షెడ్డు ముందుకొచ్చి నిలబడింది.

"అన్నా, బస్తాలు మొత్తానికే మానేస్తే?" అని అడిగారు. తొందరపడకూడదని ఆయనకు తెలుసు. నేల కోలుకోవడానికి ఏళ్లు పడుతుందని, బస్తాలు మెల్లమెల్లగా తగ్గించాలని, పని చేసిన చోట వెయ్యిసార్లు విన్నాడు. కానీ ఎదురుగా అన్ని తలలు, అన్ని కళ్లు. ముసలితనంలో ఆ గొప్ప తలకెక్కితే దిగుతుందా? "మానేయండి, నేనున్నా!" అనేశాడు.

మాఘం వెళ్లి ఫాల్గుణం వచ్చింది. ఉప్పు పండుగ. వాగు పక్కన గుంటలు తవ్వి, ఉప్పు నీళ్లు పోసి, ఎనుములకు తాగించే పండుగ. మందలు ఉన్నప్పుడు గుంటకొక మంద ఆగేదట. ఇప్పుడు నాలుగు ఎనుములకు నలభై ఇళ్ల ఉప్పు. ఏటా ఆ గుంటలు అలా మిగిలిపోవడం చూసి ముసలివాళ్లు పండుగ ముగియకముందే ఇంటికి పోయేవాళ్లు.

పండుగకు నాలుగు రోజుల ముందు సీవణన్ టీ కొట్టు దగ్గర కరియబెట్టన్, భోజన్ కూర్చున్నారు. సీవణన్‌కు పుట్టు చెవుడు, కొట్టులో ఇంకెవరూ లేరు. ఆ మరునాడే కరియబెట్టన్ కూతురి కాన్పుకని కోయంబత్తూరు బయల్దేరుతున్నాడు. ప్రతి ఇంటి వెనకా పొట్లాలు కలిపిన పెంట కుప్పలు నీడలో మాగుతున్నాయి. మంచి హుషారు మీదున్నాడు.

"అన్నా, ఒక మాట అడిగేదా?" అన్నాడు భోజన్. "మన పసులకు, అదే, కుప్పల్లో ఉన్నవాటికి, పండుగనాడు ఉప్పు పెట్టేదా? పసులంటివి కదా."

కరియబెట్టన్‌కు పొట్ట చెక్కలయ్యే నవ్వొచ్చింది. "పెట్టరా పెట్టు! ఎందుకు పెట్టకూడదు? నాలుగు ఎనుములకే పండుగైతే నాలుగు కోట్ల పసులకు పండుగ లేదా? కడవతో పొయ్యి. కడవ చాలకపోతే బస్తాతో పొయ్యి!" అని భుజం చరిచి, టీ తాగి, లేచిపోయాడు. అది ఎగతాళి అని ఎవరికైనా తెలుస్తుంది. భోజన్‌కు తెలియలేదు. తెలియదని కరియబెట్టన్‌కు తెలియాలి కదా! పుట్టినప్పటి నుంచీ పక్క గోడ మనిషి. అదే నాకు కోపం.

ఆయన పదిహేను రోజులకు తిరిగొచ్చేసరికి పండుగ అయిపోయింది, విత్తనమూ పడింది. ఇరవై ఏళ్లలో అంత బాగా ఉప్పు పండుగ జరగలేదని దారిలోనే చెప్పారు. ఇది కరియబెట్టన్ మాట అని భోజన్ ఇంటింటికీ చెప్పాడట. ఆడవాళ్లు తెల్లగుడ్డలు కట్టుకుని, కడవలతో ఉప్పునీళ్లు మోసి, ఏళ్ల తర్వాత మనకు మంద దొరికిందని పాడుకుంటూ కుప్పల మీద పోశారట. భోజన్ అందరికంటే భక్తిగా, తన రెండెకరాల కుప్పలకు రెండు బస్తాల ఉప్పు కరిగించి పోశాడట. చెప్పేవాళ్లు నవ్వుతూ చెప్పారు. కరియబెట్టన్ ఇంటికి పోలేదు. మూట భుజాన ఉండగానే మొదట కనబడిన మడిలోకి దిగి, ఇంత మట్టి తీసి నాలుక మీద పెట్టుకున్నాడు. ఉప్పు!

షెడ్డులో జీవాణువుల్ని పెంచే సీసా ఒకటి తీసి, అందులో ఆ మట్టి చల్లి నాలుగు రోజులు చూశాడు. ఏమీ పెరగలేదు. పోసింది కడవల కొద్దీ ఉప్పు, అందులో ఏ జీవం మిగులుతుంది? పోనీ జీవాణువులు పోయినా నేల బాగుంటే సరిపోయేది. క్యారెట్ విత్తనం ఉప్పును అస్సలు తట్టుకోదు. అరకొరగా మొలిచింది ఎలుక తోకలా సన్నగా ఉంది. క్యాబేజీ నారు అంచులు మాడి పసుపుపచ్చగా తిరిగింది. ఈసారి బస్తాలు ఎవరూ తేలేదు, ఆయన మాట మీదే మానేశారు. నలభై ఇళ్ల పంట ఒక్కసారిగా నేల మట్టమైంది.

చైత్రంలో ఊరి పెద్ద హాల గౌడ అందర్నీ మైదానానికి పిలిచాడు. పొట్లాల్లోనే మోసముందని కొందరు, ఉప్పు వల్లేనని కొందరు. హాల గౌడ నెమ్మదస్తుడు. అన్నీ విని అడిగాడు. "ఉప్పు పెట్టమని కరియబెట్టన్ చెప్పినాడని భోజన్ అంటున్నాడు. కరియబెట్టా, నువ్వు చెప్పినావా?"

చెప్పానని ఒక్క మాట, ఎగతాళికి అన్నాను, తప్పైపోయింది అని ఇంకో మాట. ఈ రెండు మాటలకూ నోరు రాలేదు మహానుభావుడికి! ఆ వారమే కింద రెండు హట్టులవాళ్లు పొట్లాలకు వస్తామని కబురు పంపారు. పాపాలు చదివే పెద్దమనిషి నోటి నుంచి వచ్చిన పనికిమాలిన మాటకు నలభై ఇళ్లు మునిగాయంటే ఆ షెడ్డుకు, ఆ విద్యకు, ఆ నోటికి విలువేముంటుంది? అంతా ఒక్క క్షణంలో లెక్క తేల్చుకున్నాడు.

"మొలకకు ఉప్పు పొయ్యమని తెలివున్నోడు ఎవడన్నా చెప్తాడా?" అన్నాడు. "నేను ఊళ్లోనే లేను కదా!"

జనం భోజన్ వైపు తిరిగారు. భోజన్ కరియబెట్టన్ ముఖం వంకే చూస్తున్నాడు. ఎవరో పక్కున నవ్వారు. "ఉప్పు భోజన్!" అన్నారింకెవరో. ఆ రోజుతో ఆ పేరు పడిపోయింది. దుకాణంలో, బస్సులో, వాగు దగ్గర అందరికీ ఉప్పు భోజనే. తమ పంట పోయిన మంటంతా ఆ పేరులో తీర్చుకున్నారు. అబద్ధాలకోరు అని ముఖం మీదే అన్నవాళ్లూ ఉన్నారు.

ఇంటికొచ్చాక కెంగి అన్నం ముందు పెట్టలేదు. "నువ్వు అన్నావు. నీ నవ్వు నాకు తెలీదా? కోయంబత్తూరు పోయే బస్సులో కూడా అదే తలుచుకుని నవ్వినావు నా పక్కన కూర్చుని. పోయి చెప్పి ఏడువు."

"రేపు చెప్తాలే" అన్నాడు. ఆ రేపు రాలేదు.

భోజన్ తనంతట తాను ఒక్కసారే వచ్చాడు. షెడ్డు గడప బయటే నిలబడ్డాడు. కోపంతో రాలేదు, అది ఇంకా ఘోరం. "అన్నా, నువ్వు మరిచిపోయినావా, లేకపోతే నేను కలగన్నానా? రాత్రంతా ఆలోచిస్తాండా. నా చెవులతోనే విన్నాననుకుంటా. నువ్వు చెప్తే నమ్ముతా. కలే అయితే కలే అని చెప్పన్నా."

కరియబెట్టన్ సీసాలు కడుగుతూ తల ఎత్తలేదు. "నీ ఇష్టమొచ్చినట్టు అనుకో పో" అన్నాడు. భోజన్ వెనక్కి తిరిగి వెళ్లిపోయాడు.

రెండెకరాలూ ఉప్పు కొట్టుకుపోయేదాకా ఖాళీగా పెట్టక తప్పలేదు. భోజన్ లోయలో క్యారెట్లు కడిగే చోట కూలికి చేరాడు. ఎవరి పొలంలోనో పండిన క్యారెట్లను మోకాళ్ల లోతు చల్లటి నీళ్లలో నిలబడి కడిగే పని. యాభై ఎనిమిదేళ్ల మనిషి. ఆషాఢం వానలకు దగ్గు పట్టుకుంది, తర్వాత జ్వరం, ఆ తర్వాత ఊపిరి ఆడలేదు. ఊటీ ఆసుపత్రికి తీసుకుపోతుండగా దారిలోనే పోయాడు. చివరి వారమంతా మాదిని ఒకటే అడిగాడట, నేను అబద్ధం చెప్పానా అని.

మంచం బయట వేశారు. దూడను తెచ్చి కట్టారు. హట్టి అంతా వచ్చింది, ఉప్పు భోజన్ అన్నవాళ్లూ వచ్చారు. చదవాల్సింది ఎవరో అందరికీ తెలుసు. కరియబెట్టన్ వచ్చి మంచం పక్కన నిలబడ్డాడు.

గొంతు మొదట బాగానే పలికింది. "పాకే పామును చంపి ఉంటే..." "పాపం!" "పొరుగువాడి గట్టు తెగ్గొట్టి ఉంటే..." "పాపం!" "దారిన పోయేవాడికి దాహం తీర్చక పోయి ఉంటే..." "పాపం!" చెయ్యి దూడ వీపు మీద పడుతూనే ఉంది. నలభై ఏళ్లుగా చదివిన వరుస. తర్వాత ఏ మాట రావాలో నాలుకకే తెలుసు. అబద్ధమాడి ఉంటే, అని రావాలి. రాలేదు.

జనం చూశారు. ఎవరో మెల్లగా ఆ మాట అందించబోయారు, మరిచిపోయాడనుకుని. కరియబెట్టన్ చెయ్యి దూడ మీద నుంచి తీసేశాడు.

"అబద్ధమాడింది నేను" అన్నాడు. "భోజన్ కాదు. ఉప్పు పెట్టమన్నది నేను. ఎగతాళికి అన్నా, వాడు నిజమనుకున్నాడు. మైదానంలో అడిగితే అనలేదని అబద్ధమాడినా. వాడు నా షెడ్డు దగ్గరికొచ్చి అడిగినా చెప్పలేదు." దూడ మీద రెండు చేతులూ వేసి, "నేను అబద్ధమాడి ఉంటే" అని ఎత్తాడు.

ఎవరూ పాపం అనలేదు. వాన చినుకులు పడుతున్నాయి. హాల గౌడ ముందుకొచ్చి ఆయన చేతులు దూడ మీద నుంచి ఎత్తి పక్కన పెట్టాడు.

"ఈ దూడ పోయినోడిది, కరియబెట్టా. పోయినోడి పాపం ఇది మోస్తుంది. బతికుండేవాడి పాపం మొయ్యదు. నీది యాడ పెట్టాలో నాకూ తెలీదు. కానీ ఇక్కడ కాదు." మంచం వైపు చూపించి, "చదువు, పొద్దుపోతోంది" అన్నాడు.

మంచం తల దగ్గర కూర్చున్న మాది లేచింది. ఆమె కళ్లలో నీళ్లు లేవు. "ఆ ఒక్క మాట మా ఆయన మీద చదవొద్దు బావా" అంది. "మిగతావన్నీ చదువు. పాము, గట్టు, అన్నీ చదువు. ఆయన దేవుడేం కాదు. కానీ ఆ మాట వదిలిపెట్టు."

ముత్తాతల నాటి వరుసలో ఒక మాట తీసేయడమంటే మాటలా? పెద్దలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. హాల గౌడ తలూపాడు. కరియబెట్టన్ ఆ మాట వదిలిపెట్టి తర్వాతది ఎత్తాడు. జనం పాపం అన్నారు. చివరిదాకా చదివాడు. తొరెహట్టిలో ఒక పాపం తక్కువగా వెళ్లిపోయింది భోజన్ ఒక్కడే.

ఆయన్ను ఎవరూ కొట్టలేదు, తిట్టలేదు. అది చేసినా బాగుండేది. ఊరికే పొట్లాలకు రావడం మానేశారు. వాళ్లనేం అనగలం? నల్లమట్టిలో కోట్ల జీవాలున్నాయంటే ఆయన మాట మీదే కదా నమ్మింది! కంటికి కనబడేది ఏముంది అక్కడ? మాట పోయాక మిగిలింది బొగ్గే. కింది హట్టులవాళ్లు రాలేదు. తొరెహట్టికి మళ్లీ లారీల్లో బస్తాలొచ్చాయి. సగం మాత్రమే వేయండని వీధిలో అడ్డం పడి చెప్పాడు. అలాగే మావా అని పక్కకు తప్పుకుని పోయారు. చావులకు ఇప్పుడు ఇంకో ఊరి మనిషి వచ్చి చదువుతున్నాడు. అయినా కరియబెట్టన్ షెడ్డు మానలేదు. ఎవరూ అడగని పొట్లాలు కట్టి, గడువు దాటాక తన మడిలోనే పోసుకునేవాడు. ఆయన క్యారెట్లు బాగానే వచ్చేవి. ఎలా వచ్చాయని అడిగినవాడు లేడు.

పెద్ద వానలకు ఉప్పు కొట్టుకుపోయి, భోజన్ నేల మళ్లీ విత్తుకు వచ్చిన ఏడాది ఒకరోజు పొద్దున్నే షెడ్డు తలుపు తట్టిన చప్పుడైంది. భోజన్ భార్య మాది. తెల్లగుడ్డ నెత్తిన కప్పుకుని నిలబడింది.

"రెండెకరాలకు ఎన్ని పొట్లాలు కావాలి?" అంది.

ఆయన షెడ్డు లోపలికి నడిచాడు. ఎంచి ఎంచి కొత్తవి, మొన్న కట్టినవి తీసి సంచిలో పెట్టాడు. "నీడలో పెట్టమ్మా. ఎండ తగలనీకు. వారం దినాలు తడి..."

"తెలుసు. ఆయన నేర్పినాడు." సంచి అందుకుంది. "పొట్లంలో తప్పు లేదు, అన్న విద్యలో తప్పు లేదు అని పోయేదాకా చెప్తానే ఉన్నాడు. అందుకు వచ్చినా."

విత్తుకు పోయేముందు చిన్నవాళ్లు పెద్దవాళ్ల ముందు తల వంచాలి. పెద్దవాళ్లు నెత్తిన చెయ్యి పెట్టి, ఒకటి తొమ్మిది కావాలి అనాలి. కొండమీద అలా దీవించకుండా ఎవరూ విత్తనం చల్లరు. కరియబెట్టన్ చెయ్యి అలవాటుగా పైకి లేచింది.

మాది ఆ చెయ్యి చూసింది. తల వంచలేదు. సంచి చంకన పెట్టుకుని మెట్లు దిగి పోయింది. ఆయన చెయ్యి దించుకుని తలుపు వేసుకున్నాడు.